ముగ్గురు సైకాలజిస్టులను మార్చాక నాలుగోవారిని ఎలా వెతకాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రెండేళ్లుగా యాంగ్జైటీ, దానికి తోడు నిద్ర సరిగ్గా పట్టకపోవడం. ముగ్గురు క్లినికల్ సైకాలజిస్టుల దగ్గరికి వెళ్లారు. మొదటావిడ బాగా విన్నారు, కానీ వినడం తప్ప ఇంకేం చేసినట్టు మీకు అనిపించలేదు. రెండో ఆయన మొదటి రోజే వర్క్‌షీట్లు చేతిలో పెట్టి వచ్చే వారానికి నింపుకు రమ్మన్నారు. మూడో ఆయన మీరు ఆఫీసు గురించి చెప్పినా నిద్ర గురించి చెప్పినా తిప్పి తిప్పి చిన్నతనానికే తీసుకెళ్లారు. ఎవరి దగ్గరా నాలుగైదు సెషన్లు దాటలేదు. లోపం మీలోనే ఉందా, లేక సరైన మనిషిని వెతకడం తెలియట్లేదా అని మీ సందేహం.

నేను ఈ వృత్తిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను, కొత్తగా వచ్చేవాళ్ల కేసులకు సూపర్‌విజన్ కూడా చేస్తుంటాను, కాబట్టి ఎదుటి కుర్చీలో కూర్చునేవాళ్లు ఏం ఆలోచిస్తారో కాస్త తెలుసు. లోపం మీలో లేదు. అలాగని ఆ ముగ్గురూ పనికిరానివాళ్లని కూడా మీరు రాసినదాన్ని బట్టి అనలేను. ముగ్గురూ తమకు వచ్చిన పద్ధతిలో పని మొదలుపెట్టేశారు. "మీకేం కావాలి, ఇది మీకు నప్పుతోందా" అని వాళ్లు అడిగినట్టు లేదు, మీరూ చెప్పినట్టు లేదు. మధ్యలో మానేయడం కూడా మీ ఒక్కరి కథ కాదు. 2012లో స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకులు 669 అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు ఐదుగురిలో ఒకరు థెరపీ పూర్తికాకముందే ఆపేస్తున్నారని తేలింది. వాళ్లలో చాలామంది ఎందుకు ఆపేశారో వాళ్ల సైకాలజిస్టుకు ఇప్పటికీ తెలిసి ఉండదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది చదివే ఎవరికైనా చచ్చిపోవాలనే ఆలోచనలు గట్టిగా వస్తుంటే, లేదా లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్రే లేకుండా ఉత్సాహంగా తిరగడం లాంటివి ఉంటే, సరిపోయే సైకాలజిస్టు కోసం నిదానంగా వెతికే సమయం కాదది. దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి గానీ సైకియాట్రిస్టు దగ్గరికి గానీ వెంటనే వెళ్లండి, ఒంటరిగా ఉండకండి. నేను కింద చెప్పేవన్నీ కాస్త ఓపిక పట్టగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు.

ముందు ఎవరెవరో తేల్చుకుందాం, ఎందుకంటే వెతకడం ఇక్కడే తప్పుదారి పడుతుంది. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో పై చదువులు చదివి, పర్యవేక్షణలో రోగులతో పనిచేసి వచ్చినవారు. అసెస్‌మెంట్లు చేస్తారు, థెరపీ చేస్తారు, దాదాపు అన్ని దేశాల్లోనూ మందులు రాయరు. కౌన్సెలర్లలో మంచి శిక్షణ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఆ పేరు పెట్టుకోవడానికి చాలాచోట్ల ఏ చట్టపరమైన షరతూ లేదు. కోచ్, హీలర్, మైండ్ ఎక్స్‌పర్ట్ లాంటి పేర్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. "సైకాలజిస్ట్" అనే మాటకే అన్ని దేశాల్లోనూ రక్షణ లేదు. ఉదాహరణకు బ్రిటన్‌లో "క్లినికల్ సైకాలజిస్ట్" అని చెప్పుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో పేరు ఉండాలి, ఉత్త "సైకాలజిస్ట్" అని చెప్పుకోవడానికి అక్కర్లేదు. ఇండియాలో 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్ ఉంది, ఆస్ట్రేలియాలో దేశమంతటికీ ఒకే రిజిస్టర్ ఉంది, అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్స్ ఇస్తుంది. మీరెక్కడున్నా చేయాల్సింది ఒకటే. వాళ్ల పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఆ రిజిస్టర్‌లో మీరే చూసుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. సక్రమంగా చదువుకుని వచ్చినవాళ్లెవరూ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదే మీకు జవాబు.

క్లినికల్ సైకాలజిస్టే కావాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, కొన్ని రకాల మందులు వాడుతున్నా, కాఫీ మోతాదు మించినా అచ్చం యాంగ్జైటీలాగే గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. గురక, పగటిపూట విపరీతమైన మత్తు ఉంటే నిద్రలో శ్వాస ఆగే సమస్యేమో చూడాలి. రెండేళ్లలో ఒక్కసారి కూడా మామూలు డాక్టర్ పరీక్ష చేయించుకోకపోతే ముందు అది కానివ్వండి. ఇక లక్షణాలు రోజువారీ పనిని ఆపేసేంత తీవ్రంగా ఉంటే మందులు, థెరపీ రెండూ కలిపి నడిపించాల్సి రావచ్చు. అలాంటప్పుడు సైకియాట్రిస్టూ సైకాలజిస్టూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లైతే మీకు సగం భారం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. "నాకు సరిపోవడం" అంటే ఏమిటి? చాలామంది దీన్ని మనసుకు నచ్చడం అనుకుంటారు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త దీన్ని మూడు భాగాలుగా విడదీశారు, అప్పటినుంచి మా రంగంలో దాదాపు అందరూ ఆ లెక్కనే వాడుతున్నారు. ఎక్కడికి చేరాలి అన్న విషయంలో ఇద్దరికీ ఒకే మాట ఉందా, అక్కడికి చేరడానికి చేసే పని మీద ఇద్దరికీ ఒప్పందం ఉందా, ఇద్దరి మధ్య నమ్మకం ఉందా. ఈ మూడూ ఎంత బలంగా ఉంటే ఫలితం అంత బాగుంటోందని 2018లో 295 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణలోనూ తేలింది. ఈ మూడింటికీ ఫలితానికీ మధ్య సంబంధం మధ్యస్థంగానే ఉంది, కానీ ఏ పద్ధతిలో చూసినా, ఏ దేశంలో చూసినా కనబడుతూనే ఉంది.

ఈ మూడింటినీ మీ ముగ్గురికి పెట్టి చూడండి. మొదటావిడ దగ్గర నమ్మకం ఉంది, చేసే పని మీద ఒప్పందం లేదు. అసలు పనేమిటో మీకు తెలియనే తెలియదు. రెండో ఆయన దగ్గర పని ఉంది, నమ్మకం కుదరకముందే మీద పడింది. మూడో ఆయన దగ్గర గమ్యమే వేరు. మీరు నిద్రపోవాలనుకుంటున్నారు, ఆయన మీ గతం మీకు అర్థం కావాలనుకుంటున్నారు. రెండూ తప్పు కాదు, కానీ రెండూ ఒకటి కాదు. ఇలా చూస్తే "ముగ్గురూ కుదరలేదు" అన్న ఒక్క మాట మూడు వేర్వేరు సమస్యలవుతుంది, ఒక్కోదానికి మందు వేరు. నేను మీ స్థానంలో ఉంటే కొత్తవాళ్లను వెతికే ముందు మొదటావిడకు ఒక మెసేజ్ పెడతాను. "మీ దగ్గర మాట్లాడటం తేలికగా ఉండేది, కానీ మనం ఏం చేస్తున్నామో నాకు అర్థం కాలేదు, నాకు నిద్ర, ఆందోళన విషయంలో ఒక ప్లాన్ ప్రకారం పనిచేయాలని ఉంది, మీరు అలా చేస్తారా, లేదంటే చేసేవాళ్లను సూచిస్తారా" అని. నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది, కుదిరినదాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వదులుకోవడం నాకు నష్టంగానే కనిపిస్తుంది. ఆవిడ "నా పద్ధతి ఇదే" అంటే ముందుకు కదలండి, పోయేదేం లేదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద అర పేజీ రాసుకోండి. "టెన్షన్ తగ్గాలి" అని కాదు, దానితో ఎవరూ ఏమీ చేయలేరు. "మర్నాడు మీటింగ్ ఉందంటే రాత్రి రెండింటిదాకా మెలకువగా ఉంటాను, పడుకున్నాక గుండె కొట్టుకోవడం వింటూ ఉంటాను, ఈ మధ్య ప్రయాణాలు మానేశాను, ఆరు నెలల్లో ఇవి మారాలి" అని రాయండి. కింద ఇంకో నాలుగు వాక్యాలు మీకు ఎలాంటి మనిషి కావాలో రాయండి. సూటిగా చెప్పేవారా, నిదానంగా విని మీ చేతే చెప్పించేవారా, సెషన్ల మధ్య ఇంట్లో చేసే పని ఇస్తే చేస్తారా చేయరా (నిజం రాయండి, చేయనివాళ్లు చాలామంది ఉంటారు), ఆడవారా మగవారా, ఏ భాషలో మీకు ఏడుపు, కోపం సులువుగా వస్తాయి. ఆడ, మగ విషయంలో ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు, ఫోన్ చేసినప్పుడే అడగొచ్చు. మన నేపథ్యం నుంచి వచ్చినవారే ఉండాలా అన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. బయటివారైతే మీ ఇంట్లో పద్ధతులు వివరించడానికే సెషన్లు అయిపోతాయి. మనవారైతే ఒక్కోసారి వివరించనివ్వకుండానే "తెలుసులెండి" అనేస్తారు, ఆ తెలుసన్నది మీ ఇంటి గురించి కాకుండా వాళ్ల ఇంటి గురించి అయ్యుంటుంది.

పద్ధతి గురించి ఎంత పట్టించుకోవాలి అంటే, అది సమస్యను బట్టి. డిప్రెషన్‌కు సరిగ్గా చేస్తే చాలా పద్ధతులు ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి. అన్ని పద్ధతుల్లోనూ ఉమ్మడిగా ఉన్నవేవో అసలు పని చేస్తున్నాయని సాల్ రోజెన్‌వైగ్ అనే మనస్తత్వవేత్త 1936లోనే అన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. కానీ కొన్ని సమస్యలకు మాత్రం ఏ పద్ధతైనా ఫర్వాలేదు అనుకుంటే ఏళ్లు వృథా అవుతాయి. ఓసీడీకి (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని ఆపడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) ఈఆర్‌పీ అనే పద్ధతి ఉంది. భయపెట్టే విషయానికి కొంచెం కొంచెంగా ఎదురుగా నిలబడి, చేతులు కడుక్కోవడం, మళ్లీ మళ్లీ చూసుకోవడం లాంటి పనిని ఆపి ఉంచడం. విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో దీనికి పునాది వేశారు. ఓసీడీ ఉన్న మనిషికి ఏళ్ల తరబడి ధైర్యం చెప్పడం మాత్రమే చేస్తే సమస్య తగ్గకపోగా, ఆ ధైర్యం అడగడమే ఇంకో అలవాటుగా మారుతుంది. పీడకలగా వెంటాడే ఘటనలకు ట్రామా మీద నేరుగా పనిచేసే పద్ధతులు, అంటే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఈఎమ్‌డీఆర్ లాంటివి చేయడం వచ్చినవాళ్లు కావాలి. తమను తాము గాయపరచుకోవడం, భావోద్వేగాలు అదుపు తప్పడం ఉన్నవాళ్లకు మార్షా లినెహాన్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన డీబీటీ అనే పద్ధతి ఉంది.

మీకు సంబంధించినంతవరకు నిద్ర సంగతి ముఖ్యం. దీర్ఘకాలం నిద్రలేమికి, సీబీటీని (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే థెరపీని) నిద్ర కోసం మలిచిన సీబీటీ-ఐ అనే ప్రత్యేకమైన పద్ధతి ఉంది, పెద్దవాళ్లలో మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసింది, అంటే నిద్రమాత్రల కన్నా ముందు. మామూలు సీబీటీ వచ్చిన ప్రతివారికీ ఇది రాదు. ఇందులో మంచం మీద గడిపే సమయాన్ని మొదట్లో తగ్గిస్తారు, నిద్ర పట్టనప్పుడు లేచి వెళ్లిపోమంటారు, పొద్దున ఒకే సమయానికి లేవమంటారు, మొదటి వారాలు నిజంగా కష్టంగానే ఉంటాయి. కొన్ని పరిస్థితుల్లో, ఉదాహరణకు బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లకు నిద్ర తగ్గించడం ప్రమాదం కాబట్టి ఇంటర్నెట్‌లో చూసి సొంతంగా చేసేది కాదు. మీరు ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న "నిద్రలేమికి సీబీటీ-ఐ చేస్తారా?" అన్నదే. యాంగ్జైటీ, నిద్ర రెండింటినీ కలిపి చూడగలవారు దొరికితే మీ వెతుకులాట సగం అయిపోయినట్టే.

ఎక్కడ వెతకాలి అన్నదానికి పెద్ద రహస్యం లేదు. మీ డాక్టర్‌ని గానీ తెలిసిన సైకియాట్రిస్టును గానీ "మీ ఇంట్లోవాళ్లకైతే ఎవరి దగ్గరికి పంపుతారు" అని అడగండి, ఈ ప్రశ్నకు వచ్చే పేర్లు వేరుగా ఉంటాయి. వృత్తి సంఘాల డైరెక్టరీలు చూడండి. డబ్బు ఇబ్బంది ఉంటే విశ్వవిద్యాలయాల శిక్షణ క్లినిక్‌లు ఉన్నాయేమో కనుక్కోండి. అక్కడ చూసేది విద్యార్థులే అయినా వెనక సీనియర్ ఒకరు ప్రతి కేసునూ చూస్తుంటారు, కొన్నిసార్లు ఏ పర్యవేక్షణా లేని ఖరీదైన వ్యక్తి కన్నా ఇదే నయం. స్టార్ రేటింగ్‌లను నేను పెద్దగా నమ్మను. గోప్యత వల్ల సైకాలజిస్టు జవాబు చెప్పుకోలేరు, బాగుపడినవాళ్లలో చాలామంది ఆ విషయం బయట రాయరు, ఇక అక్కడ మిగిలేవి రెండు చివరల అభిప్రాయాలే. స్నేహితులు చెప్పిన పేరు మంచిదే, కానీ వాళ్ల సమస్యా మీ సమస్యా ఒకటేనా అని చూసుకోండి. మీ భార్యను గానీ భర్తను గానీ విడిగా చూస్తున్నవారి దగ్గరికే మీరూ వెళ్లడం మాత్రం వద్దు.

ప్రొఫైల్ చదివేటప్పుడు ఒక చిన్న గుర్తు. పిల్లల మాటల ఆలస్యం నుంచి మతిమరుపు దాకా, విడాకుల నుంచి మద్యం దాకా ముప్పై విషయాల్లో నిపుణులమని రాసుకున్నవాళ్లను పక్కన పెట్టండి. నాలుగైదు విషయాలు రాసి, మిగతావాటికి వేరేవాళ్ల దగ్గరికి పంపుతామని రాసినవాళ్లు దొరికితే అక్కడ ఆగండి.

చాలామంది పది, పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకుంటారు. ఆ సమయంలో మీ కథంతా చెప్పకండి. రెండు వాక్యాల్లో సమస్య చెప్పి అడగండి: ఇలాంటివాళ్లను తరచుగా చూస్తారా, చూస్తే ఎలా మొదలుపెడతారు, పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకుంటారు, మామూలుగా ఎంతకాలం పడుతుంది, నేను చెప్పింది ఏ పరిస్థితుల్లో బయటికి చెప్పాల్సి వస్తుంది, రాలేకపోతే ఫీజు సంగతేంటి. జవాబుల్లో పాండిత్యం చూడొద్దు. "మొదటి రెండు మూడు సార్లు వివరాలు తీసుకుంటాను, తర్వాత నాకు అర్థమైంది మీ ముందు పెడతాను, మీరు సరే అంటే వారానికోసారి ఇలా పనిచేద్దాం, రెండు నెలలకు ఒకసారి ఆగి చూసుకుందాం" అన్న తీరులో మామూలు మాటల్లో చెప్పగలిగితే చాలు. "అన్నీ మీకే అర్థమవుతాయి, మీరు రండి ముందు" అంటే, లేదా "ఆరు సెషన్లలో గ్యారంటీ" అంటే, వద్దు. గ్యారంటీ ఇచ్చేవాళ్లకు ఈ పని గురించి తెలియదు, లేదా తెలిసే చెబుతున్నారు.

మొదటి సెషన్ చాలామందిని నిరాశపరుస్తుంది. ఎందుకంటే అందులో ఎక్కువగా ప్రశ్నలే ఉంటాయి. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ మందులు, తాగుడు ఉందా, ఎప్పుడైనా చనిపోవాలనిపించిందా. ఊరట ఆశించి వెళ్లినవాళ్లకు ఇది ఇంటర్వ్యూలా ఉంటుంది. ఇందులో తప్పేం లేదు, ఇవి అడగకపోతేనే అనుమానించాలి. అసలు పరీక్ష మూడో, నాలుగో సెషన్ నాటికి వస్తుంది. అప్పటికి వాళ్లు మీ సమస్యను మీకే తిరిగి ఒక అర్థమయ్యే వివరణగా చెప్పగలగాలి. ఇది ఇలా మొదలై ఉండొచ్చు, ఇది దీన్ని ఆగకుండా నడిపిస్తోంది, ఇక్కడ చేయి వేస్తే మారొచ్చు, మీరేమంటారు అని. దీన్ని మేం ఫార్ములేషన్ అంటాం, సూపర్‌విజన్‌లో నేను మొదట అడిగేది ఇదే. మీ మూడో సైకాలజిస్టు చిన్నతనం గురించి అడగడం తప్పు కాదు. ఆ చిన్నతనానికీ ఈ రాత్రి మీకు నిద్ర పట్టకపోవడానికీ మధ్య దారి ఏమిటో చెప్పకపోవడం లోటు. నాలుగో సెషన్‌కు కూడా ఆ వివరణ రాకపోతే మీరే అడగండి.

చాలామంది తడబడేది, ఇబ్బందిగా అనిపించినప్పుడు అది ఏ రకం ఇబ్బందో తెలుసుకోవడం దగ్గర. థెరపీ సరిగ్గా జరుగుతున్నా ఇబ్బందిగానే ఉంటుంది. తప్పించుకు తిరుగుతున్న విషయం దగ్గరికి వచ్చినప్పుడు సెషన్ రోజు పొద్దున్నే ఏదో ఒక వంక దొరుకుతుంది, సైకాలజిస్టు మీద ఉన్నట్టుండి చిరాకు పుడుతుంది, "ఈయనకేం తెలుసు" అనిపిస్తుంది. ఇలాంటి ఇబ్బందిలో మీకు లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది, ఆ మాట నిజం కాబట్టే గుచ్చుకుందని. బయటికి వచ్చాక అలసటగా ఉంటుంది కానీ చిన్నబోయినట్టు ఉండదు. రెండో రకం వేరు. మీరు చెప్పింది పూర్తిగా వినకుండా ముద్ర వేయడం, పోయినసారి చెప్పిన ముఖ్యమైన విషయం మళ్లీ మళ్లీ మర్చిపోవడం, మీ నమ్మకాలను, మీ ఇష్టాలను ఎగతాళి చేయడం, మీకు అర్థం కాలేదన్నప్పుడు మీరు సహకరించట్లేదనడం. ఇక్కడ బయటికి వచ్చాక మిమ్మల్ని మీరు తక్కువగా చూసుకుంటారు, తర్వాతి సెషన్‌లో ఏం దాచాలో ఆలోచించుకుని వెళ్తారు. దాచడం మొదలైందంటే అది పెద్ద గుర్తు.

రెండింటిలో ఏదో తెలియకపోతే, తేల్చుకునే దారి ఒకటే, గదిలోనే చెప్పడం. "పోయినసారి మీరన్న మాట నాకు కష్టంగా అనిపించింది", "ఈ వర్క్‌షీట్లు ఎందుకో నాకు అర్థం కావట్లేదు", "నిద్ర గురించి మాట్లాడి మూడు వారాలైంది". ఇవి చెప్పడం కష్టమే, పెద్దవాళ్లకూ డాక్టర్లకూ ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లకు ఇంకా కష్టం. చేతకాకపోతే రాసి చూపించండి. జెరెమీ సాఫ్రాన్ అనే మనస్తత్వవేత్త తన పరిశోధనలో ఎక్కువ భాగం ఇలాంటి బెడిసిన సందర్భాల మీదే పెట్టారు. బెడిసిన చోట ఇద్దరూ మాట్లాడి సరిచేసుకుంటే థెరపీ ముందుకన్నా గట్టిపడగలదు. మీరు చెప్పిన మాటకు వాళ్లు ఎలా స్పందించారన్నదే వాళ్ల గురించి మీకు దొరికే అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం. "చెప్పినందుకు మంచిదైంది, ఏం జరిగిందో చూద్దాం" అని తమ వైపు నుంచి కూడా చూసుకుంటే ఉండండి. సంజాయిషీలు, కోపం, లేదా మీ మాటనే మీ రోగలక్షణంగా తిప్పడం కనిపిస్తే బయటికి నడవండి.

ఎంతకాలం చూడాలి? 1986లో హోవార్డ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన పేరున్న విశ్లేషణలో 8 సెషన్ల నాటికి దాదాపు సగం మందిలో, 26 సెషన్ల నాటికి దాదాపు ముప్పాతిక మందిలో కొలవదగిన మార్పు కనిపించింది. దీన్ని బట్టి నేను చెప్పేది, ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో పూర్తిగా బాగవ్వాలని కాదు, కానీ ఏదో ఒకటి కదలాలి. కదిలిందో లేదో అనిపించడం మీద వదిలేయకండి, కొలవండి. యాంగ్జైటీకి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పత్రం ఉంది, 0 నుంచి 21 దాకా స్కోరు. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9, 0 నుంచి 27. రెండూ ఉచితంగా దొరుకుతాయి. వీటితో మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోకండి, రెండు వారాలకోసారి నింపి స్కోరు ఎటు పోతోందో చూడటానికి చాలు. మీరు ఎందుకు కొలవాలంటే, మేం సరిగ్గా అంచనా వేయలేం. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో చెప్పమని థెరపిస్టులను అడిగితే వాళ్లు చెప్పింది 3 పేర్లు. నిజంగా దిగజారింది 40 మంది, ఆ మూడు పేర్లలో సరైంది ఒక్కటే. మా వృత్తికి గర్వకారణమేం కాదు గానీ, నేను శిక్షణ ఇచ్చేవాళ్లకు దీన్ని తప్పకుండా చెబుతాను.

కొన్నింటికి మాత్రం ఎనిమిది సెషన్లు ఆగక్కర్లేదు, మాట్లాడి సరిచేసుకోనూ అక్కర్లేదు. లైంగికమైన మాట గానీ స్పర్శ గానీ, బయట కలుద్దామనడం, వ్యాపారంలో పెట్టుబడి అడగడం, వేరే క్లయింట్ల విషయాలు గుర్తుపట్టేలా చెప్పడం, మీ మందులు సైకియాట్రిస్టుకు చెప్పకుండా ఆపేయమనడం, స్వలింగ ఆకర్షణను నయం చేస్తామనడం. స్వలింగ ఆకర్షణ జబ్బే కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. వీటిలో ఏది జరిగినా వెళ్లడం ఆపేసి, వాళ్లను రిజిస్టర్ చేసిన సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. సెషన్‌లో సగం సమయం తమ సొంత కష్టాలు చెప్పుకునేవాళ్లు ఈ జాబితాలోకి రారు కానీ వాళ్ల దగ్గర కూడా డబ్బు దండగ.

ఆన్‌లైన్ సంగతి అడగలేదు గానీ చెబుతాను. మీలాంటి సమస్యకు వీడియో సెషన్లు బాగానే పనిచేస్తాయి, సీబీటీ-ఐ కూడా అలా చేయొచ్చు. తలుపు వేసుకుని మాట్లాడే చోటు ఇంట్లో ఉందా అన్నదే అసలు ప్రశ్న. పక్క గదిలో వింటారేమోనని గొంతు తగ్గించి మాట్లాడే థెరపీ సగం థెరపీ. ఐక్యూ పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు లాంటి అసెస్‌మెంట్లు వీలైనంతవరకు ఎదురుగా కూర్చుని చేయించుకోవడమే మంచిది. వేరే దేశంలో ఉన్న సైకాలజిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడాలనుకుంటే, మీరున్న చోట చూడటానికి వాళ్లకు అనుమతి ఉందా అని ముందే అడగండి. చాలాచోట్ల క్లయింట్ ఉన్న ప్రాంతపు నియమమే లెక్కలోకి వస్తుంది.

మీరు వెళ్లడం మానేసిన సైకాలజిస్టులకు ఆ సంగతి చెప్పాలా అని కూడా అడిగారు. చెప్పాలన్న నియమం లేదు, రెండు వాక్యాల మెసేజ్ చాలు, కారణం రాస్తే వాళ్లకు ఉపయోగం. మీకు ఉపయోగపడేది ఇంకొకటుంది. ఇప్పటిదాకా ఏం చూశారు, ఏ అసెస్‌మెంట్ చేశారు, ఏం ప్రయత్నించారు అన్నది ఒక పేజీ సారాంశంగా అడగండి. కొత్తవారి దగ్గర అన్నీ మొదటినుంచి చెప్పుకునే బాధ తగ్గుతుంది. కొత్తవారికి మొదటి రోజే చెప్పండి, ముగ్గురిని చూశానని, ఎక్కడెక్కడ ఎందుకు ఆగిపోయానో కూడా. ఇది చెబితే చులకనగా చూస్తారనుకోకండి. నా దగ్గరికి అలా చెప్పి వచ్చినవాళ్లతో పని త్వరగా మొదలవుతుంది, ఏం చేయకూడదో ముందే తెలుస్తుంది కాబట్టి. ఒకే సమస్యకు ఇద్దరి దగ్గరికి ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గరికి వెళ్లడం మాత్రం వద్దు. ఒకరు లేచి తిరగమంటే ఇంకొకరు పడుకోమంటారు, మధ్యలో మీరు నలిగిపోతారు.

మంచివాళ్ల దగ్గర వెయిటింగ్ ఉంటుంది. ఇద్దరి దగ్గర పేరు రాయించుకోండి, ఎవరైనా రద్దు చేసుకుంటే కబురు చేయమని చెప్పండి. ఈలోపు రోజూ పొద్దున రెండు నిమిషాలు పెట్టి నిద్ర డైరీ రాయండి. ఎన్నింటికి మంచమెక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు, పగలు కునుకు తీశారా. రాత్రి గడియారం చూసి రాయకండి, పొద్దున లేచాక గుర్తున్నంతవరకే. సీబీటీ-ఐ చేసేవారు మొదట అడిగేది దీన్నే, రెండు వారాలది చేతిలో ఉంటే మొదటి సెషన్‌లోనే లెక్క మొదలుపెట్టొచ్చు.